సంతకం లేని ఇంజనీర్లు

ఈ మధ్య రాయలసీమ నుంచి వస్తున్న కథల్లో ఒక పాత్ర తరచుగా కనిపిస్తున్నది. ఊళ్లో ముసలి తల్లిదండ్రులు, ఎండిన బోరు, బెంగుళూరులో కొడుకు. కొడుకు 'సాఫ్ట్‌వేర్ ఇంజనీరు'. ఆ రెండు మాటలతో అతని పరిచయం పూర్తవుతుంది. అదే కథలో తండ్రి వేరుశెనగ ఏ కార్తెలో విత్తాడో, ఊడలు దిగే వేళకు వాన ఎలా మొహం చాటేసిందో పేరాలకు పేరాలు ఉంటుంది. కొడుకు పొద్దస్తమానం ఏ పని చేస్తాడో ఒక్క వాక్యమైనా ఉండదు. అతని జీతం ఉంటుంది, ఫ్లాటు ఉంటుంది, ఫోను ఎత్తకపోవడం ఉంటుంది. శ్రమ ఉండదు. శ్రమను గురించి ఇంతగా మాట్లాడే మన సాహిత్యంలో ఇది చిన్న లోపం కాదు.

ప్రోగ్రామర్లను ఇంజనీర్లని పిలవవచ్చునా అన్న వివాదం ప్రపంచంలో యాభై ఏళ్లకు పైగా సాగుతున్నది. అది వాళ్ల వృత్తి గొడవ, మనకెందుకని వదిలేయడానికి వీలులేదు. మనుషులకు, పనులకు పేర్లు పెట్టడం, పెట్టిన పేర్ల వెనుక ఏముందో చూడడం రచయితల పని కూడా. ఒక పేరు ఒక మనిషికి ఏమి ఇస్తుంది, అతని నుంచి ఏమి తీసుకుంటుంది అన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

ఉరవకొండ ప్రాంతంలో 'ఇంజనీరు' అనే మాటకు మొదట ఉన్న అర్థం కాలువకు సంబంధించినది. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో బతికే ఈ మెట్టభూమికి తుంగభద్ర నీళ్లు బళ్లారి మీదుగా ఎగువ కాలువలో వస్తాయి. జనం నోట అది హెచ్చెల్సీ. ఇంజనీరంటే ఆ కాలువ గట్టు మీద జీపులో వచ్చేవాడు. చేసిన మట్టిపనిని టేపు పట్టి కొలిచి, ఎం-బుక్కులో రాసి, కింద సంతకం పెట్టేవాడు. ఆ పైవాడు వచ్చి మళ్లీ కొలిచి ఇంకో సంతకం పెట్టాలి. ఈ సంతకాలను ఆదర్శీకరించనవసరం లేదు. వాటి వెనుక కాంట్రాక్టరు విందులు ఉండవచ్చు, పర్సెంటేజీలు ఉండవచ్చు. అయినా పదేళ్ల తర్వాత గట్టుకు గండి పడితే, ఆ పుస్తకం తెరిచి ఎవరు కొలిచారో ఎవరు ఒప్పుకున్నారో చూడవచ్చు. ఇంజనీరును కాలువకు కట్టివేసే తాడు ఆ సంతకం.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. ఆనకట్టకు ఉన్న 33 గేట్లలో అది ఒకటి. కింద ఆయకట్టు రైతులంతా గుండెలు చేత పట్టుకుని కూర్చున్న వారం అది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో, పారుతున్న నీటిలోనే ఉక్కు పలకలు దించి వారం రోజుల్లో నీటిని నిలబెట్టారు. ఆ వారమంతా జనం వేసిన ప్రశ్న ఒక్కటే: ఆ గొలుసును చూడవలసినవాడు ఎవడు? అడగడానికి చిరునామా ఉన్న ప్రశ్న అది.

దీని పక్కన ఇంకో దృశ్యం పెట్టి చూద్దాం. రేషను దుకాణం దగ్గర వేలిముద్ర పడదు. పంట నమోదులో పేరు కనిపించదు. అడిగితే వచ్చే సమాధానం, 'సర్వర్ పనిచేయడం లేదు'. ఈ మాటను మన ఊళ్లలో 'వాన రాలేదు' అన్న గొంతుతోనే చెబుతారు, ఆ గొంతుతోనే వింటారు. కరువు సీమలో ఆకాశానికి ఉన్న స్థానం యంత్రానికి వచ్చేసింది. కాని సర్వరు ఆకాశం కాదు. అందులో నడిచే ప్రతి పంక్తినీ ఒక మనిషి రాశాడు. ఆ మనిషిని మనం ఇంజనీరంటున్నాం. అతని సంతకం మాత్రం ఎక్కడా లేదు.

ఇంజనీరు అన్న మాట పుట్టుకలో గొప్పతనమేమీ లేదు. తెలివి అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చి, మధ్యయుగాల యూరపులో కోటగోడలు పగలగొట్టే యంత్రాలు చేసేవాడికి అంటుకున్నది. యుద్ధంతో సంబంధం లేకుండా కాలువలు, వంతెనలు కట్టేవాళ్లు తమను వేరు చేసి చెప్పుకోవడానికి 18వ శతాబ్దంలో 'సివిల్' అన్న విశేషణం తగిలించుకున్నారు. సివిల్ ఇంజనీరంటే సైన్యంవాడు కాని ఇంజనీరనే అర్థం.

మన దగ్గర పని పేరు కంటే పని పాతది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అది వరుసగా చెబుతుంది. జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు ఆ అంగాల్లో ఒకడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లపాటు పనిచేసినట్టు కూడా రాసి ఉంది. కట్టించిన భాస్కరుని పేరు ఉంది. మట్టి మోసినవాళ్లకు లెక్క ఉంది, పేర్లు లేవు. శాస్త్రం ఒక కులానికి, తట్టాపారా ఇంకో కులానికి అన్న విభజన అక్కడే ఉంది. ఇంగ్లీషువాడు వచ్చి ఇంజనీరు అన్న మాటను పై భాగానికి అతికించాడు. కింది భాగం కూలీగానే మిగిలింది. కనుక ఈ మాట మొదటినుంచీ మన సమాజంలో పనిని మాత్రమే చెప్పలేదు, మెట్టును కూడా చెప్పింది.

ప్రోగ్రాము అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఉరవకొండ వదిలి బెంగుళూరు పోనవసరం లేదు. నేతపేటలో మగ్గం మీద జాకార్డు చూస్తే చాలు. బుటా గాని, పైట గాని ముందు గళ్ల కాగితం మీద గీస్తారు. ఆ గళ్లను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. పేక ఒకసారి పోవడానికి ఒక అట్ట. రంధ్రం ఉన్నచోట కొక్కెం లేచి పడుగు పోగును పైకి లాగుతుంది, లేనిచోట లేవదు. ఉన్నది, లేదు: ఈ రెండు మాటలతోనే మొత్తం కొంగు తయారవుతుంది. అట్టల దండ మారిస్తే అదే మగ్గం వేరే చీర నేస్తుంది. యంత్రాన్ని మార్చకుండా ఆజ్ఞలను మార్చడమనే ఈ ఊహే ప్రోగ్రాము.

దీన్ని పోలికగా చెప్పడం లేదు. చరిత్రే ఇది. ఫ్రాన్సులోని లియాన్ పట్టు నేతగాళ్ల మధ్య జాకార్డు 1804లో ఈ ఏర్పాటును ఒక రూపానికి తెచ్చాడు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజి 1830లలో తన గణనయంత్రాన్ని ఊహించినప్పుడు ఆ అట్టలనే తీసుకున్నాడు. ఇరవై నాలుగు వేల అట్టలతో పట్టు మీద నేసిన జాకార్డు బొమ్మను ఇంట్లో పెట్టుకున్నాడు కూడా. ఆ యంత్రం లెక్కలు చేసే తీరును 1843లో వివరించిన ఏడా లవ్‌లేసు దాన్ని జాకార్డు మగ్గంతోనే పోల్చింది. అదే లియాన్ నేతగాళ్లు కూలి రేట్ల కోసం 1831లోనూ 1834లోనూ తిరగబడి తుపాకి గుండ్లకు నేలకొరిగారన్న సంగతి కంప్యూటర్ చరిత్ర పుస్తకాల్లో సాధారణంగా ఉండదు.

అట్టకు రంధ్రం కొట్టేవాడిని ఉరవకొండలో ఎవరైనా ఇంజనీరు అన్నారా? అనలేదు. అతని కొడుకు అదే పనిని ఇంకో రూపంలో బెంగుళూరులో చేస్తే అంటున్నారు. తేడా పని స్వభావంలో లేదు. ఆ పనిని కొనే పెట్టుబడి ఎక్కడ ఉన్నదన్న దానిలో ఉన్నది.

ఈ మాట అమెరికాలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1946లో ఎనియాక్ అనే యంత్రానికి లెక్కలు అమర్చినవాళ్లు ఆరుగురు స్త్రీలు. యంత్రం కట్టిన పురుషులు ఇంజనీర్లు. లెక్క నడిపిన స్త్రీలను ఉద్యోగ వర్గీకరణలో వృత్తినిపుణుల కింది మెట్టున పెట్టారు. అది గుమాస్తా పనిగా ఉన్నంతకాలం స్త్రీలది. జీతం పెరిగి, పేరు పెరిగి, ఇంజనీరింగు అయ్యేసరికి క్రమంగా మగవాళ్ల పని అయిపోయింది.

'సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు' అన్న జంట మాటకు ప్రచారం తెచ్చింది 1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఆధ్వర్యాన జరిగిన సమావేశం. అప్పటికి పెద్ద పెద్ద ప్రోగ్రాములు గడువుకు పూర్తి కావడం లేదు, పూర్తయినవి నమ్మకంగా నడవడం లేదు. ఆ మాటను కావాలనే, రెచ్చగొట్టడానికే ఎంచుకున్నామని సమావేశ నివేదికలోనే రాశారు. అంటే వాళ్లు ఉన్న స్థితికి పేరు పెట్టలేదు. లేనిదాన్ని చూపి, ఇది ఉండాలన్నారు. వంతెన కట్టేవాడికి ఉన్న శాస్త్రం, కొలత, క్రమశిక్షణ ప్రోగ్రాముకు కూడా రావాలన్న కోరిక అది. తర్వాత కంపెనీలు కోరికను వదిలేసి పేరును ఉంచుకున్నాయి.

వంతెన కట్టేవాడి క్రమశిక్షణ కూడా చదువుతో మాత్రమే రాలేదు. 1907లో కెనడాలో కడుతుండగానే క్విబెక్ వంతెన కూలి 75 మంది కార్మికులు చనిపోయారు. లెక్కల్లో తప్పు ముందే కనిపించింది, పని మాత్రం ఆగలేదు. ఆ దేశంలో 1925 నుంచి ఇంజనీర్లు పట్టా పుచ్చుకునేటప్పుడు చిటికెన వేలికి ఇనుప ఉంగరం తొడుక్కుని ప్రతిజ్ఞ చేస్తారు. అక్కడ లైసెన్సు లేనివాడు ఇంజనీరని చెప్పుకోవడం చట్టవిరుద్ధం. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఆ పేరును విచ్చలవిడిగా వాడుతున్నాయని అల్బర్టా రాష్ట్రంలో ఇంజనీర్ల సంఘం కోర్టుకెక్కింది. 2023లో కోర్టు కంపెనీ పక్షం వహించింది, ఆ రాష్ట్ర ప్రభుత్వం చట్టాన్నే సవరించి 'సాఫ్ట్‌వేర్ ఇంజనీరు'కు మినహాయింపు ఇచ్చింది.

ఇంత పట్టుదల ఉన్న ఆ దేశంలోనే థెరాక్-25 తయారైంది. క్యాన్సరు రోగులకు రేడియేషను ఇచ్చే యంత్రం అది. పాత నమూనాలో పొరపాటు జరిగితే అడ్డుకునే ఇనుప తాళాలు, ఫ్యూజులు ఉండేవి. కొత్తదానిలో ఖర్చు తగ్గించి, ఆ కాపలా పనిని ప్రోగ్రాముకు అప్పగించారు. 1985కు 1987కు మధ్య ఆరుగురు రోగులకు విపరీతమైన మోతాదు తగిలింది, కొందరు చనిపోయారు. ఆపరేటరు వేగంగా మీటలు నొక్కితే యంత్రంలో రెండు పనులు ఒకదానినొకటి దాటిపోయి, కిరణానికి అడ్డుండవలసినది అడ్డులేకుండా పోయేది. ప్రోగ్రాము రాసింది ఒకే ఒక్క మనిషి. అతను 1986లో ఉద్యోగం మానేశాడు. అతని చదువేమిటో, అనుభవమేమిటో తర్వాత కంపెనీవారు చెప్పలేకపోయారు. ఉంగరం తొడిగిన దేశంలో, ప్రాణాలు తీసిన పంక్తులు రాసినవాడికి చిరునామా లేదు. పేరును చట్టంతో కాపాడినంత మాత్రాన పనికి జవాబుదారీ రాదని దీనివల్ల తెలుస్తుంది.

మన దేశంలో ఆ కాపాడడం కూడా లేదు. న్యాయవాదులకు 1961 చట్టం ఉంది. ఆర్కిటెక్టు అన్న పేరు ఎవరుబడితే వారు పెట్టుకోకుండా 1972 చట్టం ఉంది. వైద్యులకు ఉంది. ఇంజనీర్లకు అటువంటి దేశవ్యాప్త చట్టం లేదు. కనుక ఇక్కడ ప్రోగ్రామరు ఇంజనీరా కాదా అన్నది కోర్టులో తేలే విషయం కాదు. మరెక్కడ తేలుతుంది?

మొదట పని ఫలితం పడే చోట చూడాలి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. ఆంధ్రలో దాని మస్టర్లు, కొలతలు, కూలి లెక్కలు తొలినుంచీ కంప్యూటర్ మీదే నడిచాయి. దానివల్ల మేలు జరగలేదనడం అన్యాయం. దొంగ మస్టర్లను పట్టుకోవడానికి, సామాజిక తనిఖీలకు ఆ లెక్కలే ఆధారమయ్యాయి. 2023 జనవరి నుంచి పనిచోట రోజుకు రెండుసార్లు ఫోనుతో ఫొటో తీసి హాజరు ఎక్కించాలన్న నిబంధన దేశమంతా వచ్చింది. గుట్టల నడుమ సిగ్నలు లేదు. ఫొటో ఎక్కలేదు. మట్టి తవ్విన చేతులు ఉన్నాయి, తవ్విన గుంత ఉంది, హాజరు లేదు. గుంతను కొలిచిన టెక్నికల్ అసిస్టెంటు పేరు కూలీలందరికీ తెలుసు. తక్కువ కొలిస్తే నిలబెట్టి తిట్టవచ్చు. ఫొటో రెండుసార్లు ఉండాలని, లేకపోతే రోజు లేనట్టేనని యంత్రానికి నేర్పినవాడిని ఎక్కడ నిలబెట్టాలి?

ఇక్కడ తొందరపడి ఆ రాసినవాడిని దోషిని చేయడం సులభం. అది తప్పుదారి. సిగ్నలు లేనిచోట ఏం చేయాలన్న ప్రశ్న అతనికి తోచి ఉండవచ్చు. అడిగే హక్కు అతనికి ఉన్నదా? కాలువ ఇంజనీరుకు కనీసం కాగితం మీద ఒక హక్కు ఉంది. పని నచ్చకపోతే ఎం-బుక్కులో సంతకం పెట్టనని చెప్పవచ్చు. బదిలీ కావచ్చు, కష్టాలు పడవచ్చు, అయినా సంతకం అతనిది. ప్రోగ్రామరుకు నిరాకరించడానికి సంతకమే లేదు. హక్కు లేనిచోట బాధ్యత ఒక్కటే తెచ్చిపెడితే ఏమవుతుందో వోక్స్‌వాగన్ కేసు చూపింది. డీజిలు కార్లు పరీక్షలో ఒక రకంగా, రోడ్డు మీద ఇంకో రకంగా పొగ వదిలేట్టు చేసిన మోసంలో అమెరికాలో 2017 ఆగస్టులో నలభై నెలల జైలుశిక్ష మొదట పడింది ఒక ఇంజనీరుకు. మన దగ్గర గండి పడితే మొదట సస్పెండయ్యేది ఏ.ఇ. కావడం లాంటిదే ఇది.

నా అభిప్రాయంలో ఇంజనీరు అన్న పేరుకు కొలత ఇదే: తప్పు చేయమన్నప్పుడు చేయనని చెప్పగల అధికారం, చేసినదానికి పేరు పెట్టి నిలబడవలసిన విధి. రెండూ కలిసి ఉండాలి. ఈ కొలతతో చూస్తే నేడు ప్రోగ్రామర్లలో అత్యధికులు ఇంజనీర్లు కారు. కాలేజీలో నాలుగేళ్లు చదివినా కారు. కాలువ ఇంజనీర్లలో కూడా చాలామంది కాకుండా పోతున్నారన్నది వేరే సంగతి.

మరి వాళ్లెవరు? చట్టం దగ్గర ఒక సమాధానం ఉంది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో కార్మికుని నిర్వచనం శారీరక శ్రమ దగ్గర ఆగలేదు. నైపుణ్యమున్న పని, సాంకేతికమైన పని, గుమాస్తా పని అన్నీ అందులో చేరాయి. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 కోడులోనూ సాంకేతికమైన పని ఉంది. చెన్నైలో 2015లో ఒక పెద్ద కంపెనీ తీసివేసిన ఉద్యోగి కార్మిక న్యాయస్థానానికి వెళ్లాడు. అతను మేనేజరు తరగతివాడు, కార్మికుడు కాడని కంపెనీ వాదించింది. అతను చేసిన పనిని బట్టి కార్మికుడేనని 2022లో తీర్పు వచ్చింది. ఏడేళ్లు పట్టింది. బెంగుళూరు ఉన్న కర్ణాటకలో ఉద్యోగ నిబంధనలు రాతపూర్వకంగా ఉండాలన్న 1946 చట్టం నుంచి ఈ కంపెనీలకు 2014లో, 2019లో, 2024లో వరుసగా మినహాయింపులిచ్చారు. 2017లో అక్కడ ఐ.టి. ఉద్యోగుల యూనియను రిజిస్టరయింది. 2024 జులైలో రోజుకు పద్నాలుగు గంటల పనికి వీలు కల్పించే ప్రతిపాదన వచ్చినప్పుడు ఆ యూనియనే వీధికెక్కింది.

ఇంజనీరన్న పేరు కంపెనీకి ఎందుకు అంత చవక అన్నది ఇప్పుడు అర్థమవుతుంది. ఆ పేరు ఇవ్వడానికి ఖర్చు లేదు. పుచ్చుకున్నవాడు యూనియను మాట ఎత్తడు. పద్నాలుగు గంటల పనిని దోపిడీ అనడు, 'కెరీర్' అంటాడు. పేరు అతనికి గౌరవం ఇచ్చి, కార్మికుడన్న గుర్తింపును పుచ్చుకున్నది.

అయితే ఆ గౌరవాన్ని వెటకారం చేసే అధికారం మనకు లేదు. అనంతపురం ఇంజనీరింగు కాలేజి 1946లో గిండీలో పుట్టి 1948లో అనంతపురం చేరింది. కాని ఉరవకొండ నేతపేట నుంచి, వడ్డెర కొట్టాల నుంచి, మాదిగ వాడల నుంచి పిల్లలు ఇంజనీరింగు చదవడం పెద్దయెత్తున సాగింది 2008 తర్వాత, ఫీజు రీయింబర్సుమెంటు వచ్చాకనే. తరతరాలుగా మట్టి మోసిన కులంలో పుట్టినవాడి పేరు పక్కన ఇంజనీరు అన్న మాట చేరితే, పోరుమామిళ్ల శాసనం నాటి లెక్క ఒకటి కొంచెం సవరించబడుతుంది. సరిగ్గా వీళ్లు ఆ మాట దగ్గరికి చేరుకునే సమయానికి 'ఇదసలు ఇంజనీరింగు కాదు' అనేవాళ్ల గొంతులో ఏ కులం వినిపిస్తున్నదో గమనించాలి. ప్రోగ్రామరుకు ఆ పేరు చాలదని నేననడం ఆ గొంతుతో కాదు. పేరుతో సరిపెట్టారు, పేరుతో రావలసిన అధికారం ఇవ్వలేదని.

జనం భాష ఈ విషయంలో రచయితల కంటే జాగ్రత్తగా ఉంది. ఉరవకొండలో 'మావోడు సాఫ్ట్‌వేరు చేస్తాండాడు' అంటారు. 'అల్లుడు సాఫ్ట్‌వేరు' అంటారు. 'మిలిట్రీలో ఉండాడు' అన్నట్టే 'సాఫ్ట్‌వేరులో ఉండాడు' అంటారు. ఎక్కడికి పోయాడో చెబుతున్నారు, ఏమయ్యాడో చెప్పడం లేదు. పెళ్లి పత్రికలో మాత్రమే ఇంజనీరు వస్తుంది.

బ్రిటన్ తపాలా శాఖ ఉదంతం మన కథకులు చదవవలసినది. 1999 నుంచి అక్కడి చిన్న పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే లెక్కల ప్రోగ్రాము పెట్టారు. అది లేని లోటును చూపింది. డబ్బు కాజేశారని 2015 వరకూ తొమ్మిది వందల మందికి పైగా పోస్టుమాస్టర్లకు శిక్షలు పడ్డాయి. కొందరు జైలుకు వెళ్లారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. కంప్యూటరు అబద్ధం చెప్పదన్న నమ్మకం కోర్టుల్లో సాక్ష్యమైంది. 2019లో హైకోర్టు ప్రోగ్రాములో లోపాలున్నాయని తేల్చినా దేశం కదలలేదు. 2024 జనవరిలో టెలివిజన్‌లో నాలుగు భాగాల నాటకం వచ్చాక కదిలింది, అదే ఏడాది మే నెలలో శిక్షలను రద్దుచేస్తూ చట్టం వచ్చింది. పోస్టాఫీసులో కూర్చున్నవారికి తెలియకుండా దూరం నుంచే వారి లెక్కల్లోకి వెళ్లవచ్చునని బయటి ప్రపంచానికి చెప్పినవాడు, ఆ ప్రోగ్రామును నడిపిన కంపెనీలో ఒకప్పుడు పనిచేసిన రిచర్డ్ రోల్. 2015లో బి.బి.సి.కి చెప్పాడు, తర్వాత కోర్టులో సాక్ష్యమిచ్చాడు. చెప్పేనాటికి అతను ఆ ఉద్యోగం వదిలి పదేళ్లు దాటింది. ఉద్యోగంలో ఉన్నప్పటి అతని రాత్రులు ఎలా ఉండేవి, ఏది చూసి ఏది చూడనట్టు ఊరుకున్నాడు, పక్క బల్లవాడితో ఏమన్నాడు? ఉరవకొండ నుంచి బెంగుళూరు బస్సెక్కినవాళ్లలో ఇటువంటివాళ్లు ఈపాటికి ఉండే ఉంటారు. మన కథల్లోకి మాత్రం ఇంకా రాలేదు.